కనుమలో పొయ్యిరాయి

సుబ్బరత్నమ్మ రెండు రాళ్లు పెట్టి మూడో రాయి కోసం చూస్తూ ఉంది.

పెరటి మూల, ఎనుముల కొట్టం గోడ పక్కన, నాపబండ మీద. మొగుడు పెట్టమన్నాడు కాబట్టి పెడుతోంది. చేతులు పెడుతున్నాయి గాని మనసు అక్కడ లేదని ఆ రాళ్ల వంకర చూస్తేనే తెలుస్తుంది.

"ఏందిమే అది?" అంది అత్త రామసుబ్బమ్మ, వంటింటి గడప దాటకుండా.

కోడలు తల ఎత్తలేదు.

"నిన్నే అడిగేది."

"పొయ్యి, అత్తా."

"ఇంట్లో పొయ్యి కూలిపోయిందా?"

పలికింది కొట్టంలోంచి ఆమె మొగుడు ఈరప్ప.

"నేనే పెట్టమన్న్యా. ఈ పొద్దు నుంచి మా సంగటి మాకు వేరే ఉడుకుతాది."

రామసుబ్బమ్మ పెద్ద కొడుకు వైపు చూసింది. వాడు పాత పెట్రోలు ఇంజను పక్కన కూర్చుని ఉన్నాడు. నిన్నటి దాకా జనాన్ని తిప్పే వాళ్ల కారులో ఉన్న ఇంజను ఇప్పుడు చొప్ప మీద, ఈనలేని ఎనుము మాదిరి పక్కకు ఒరిగి పడి ఉంది. ఈరప్ప ఒళ్లో తుండుగుడ్డలో చుట్టిన కార్బరేటరు ఉంది, ఇంజనుకు పెట్రోలును గాలితో కలిపి ఇచ్చేది. దాన్ని గుంతకల్లులో పాత మిలిటరీ లారీల పోగులోంచి ఏరి తెచ్చుకున్నాడు. తెచ్చుకుని ఇల్లు చేరేసరికి తమ్ముడు ఓబులేసు కారుకు డీజిలు ఇంజను ఎక్కించేశాడు. ఎర్రగుంట్ల ఫిట్టరు గాబ్రియేలు ఆఖరి స్క్రూలు తిప్పుతూ ఉన్నాడు.

అప్పటి నుంచి ఈరప్ప ఇంట్లో నీళ్లు తాగలేదు. తమ్ముడితో మాట్లాడలేదు.

ఓబులేసు బాయి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రాళ్లు చూశాడు. వదినను చూశాడు. నిలబడిపోయాడు.

"వాన్ని అడుగుమా," అన్నాడు ఈరప్ప తల్లితో. "నేను పోయేటప్పుడు ఏం చెప్పి పోయినా? బండి ముట్టుకోవద్దని చెప్పినానా ల్యాదా?"

"వాడు ఈన్నే ఉండాడు. చెవుడు కూడా ల్యాదు. నువ్వే అడుగు."

"నేను వానితో మాట్లాడను."

"అన్న చెప్పిన మాట నిజమే," అన్నాడు ఓబులేసు, తనూ తల్లి వైపే చూస్తూ. "అయితే ఫ్యాక్టరీ లారీ బోల్తాపడి దాని ఇంజను అమ్మకానికి వచ్చిందంటే గాబ్రియేలు మనకోసమే అడిగి పెట్టె. ఎద్దులబండి మీద ఏసుకోని ఈడికి తెచ్చె. వాకిట్లో నిలబెట్టి, మా అన్న వచ్చినంక రాప్పా అని చెప్పాల్నా?"

"చెప్పాల. అన్న అనేటోడు ఒకడు ఉంటే చెప్పాల."

రామసుబ్బమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. పొద్దున్నే ఉడకపోస్తోంది. నల్లరేగడి నోరు తెరిచిన కాలం.

"పెట్రోలు దండగైతాదని నాకు తెల్దామా?" అన్నాడు ఈరప్ప. గొంతు కొంచెం తగ్గింది. "దానికి మందు నా ఒళ్లో ఉండాది. పాత కార్బరేటరు పీకేసి ఇది బిగిస్తే, పెట్రోలు మీద లేపి, కాగినంక కిరసనాయిలు మీదికి తిప్పుకోవచ్చు. సగం ఖర్చు. ఇంజను మనదే ఉంటాది. నాయన చెయ్యి పడిన ఇంజను."

"కిరసనాయిలు తాగి ఆ ముసల్ది కనుమ ఎక్కుతాదా?" అన్నాడు ఓబులేసు. "పోయిన ఎండకాలం ఉత్త పెట్రోలు మీదనే ఎక్కల్యా. జనమంతా దిగి నూకిరి. రాహేలమ్మత్త కోళ్లగంప నెత్తిన పెట్టుకోని నూకె. ఊరంతా నవ్విరి."

"నూకితే ఏమాయ? ఎక్కిందా ల్యాదా?"

"జనాలు దుడ్లిచ్చి నూకేదానికి వస్తారానా?"

'అన్నా' అనే మాట నోట్లోంచి జారింది. ఈరప్ప దాన్ని విననట్టే చెయ్యి కార్బరేటరు మీద వేశాడు.

"ఒకటి చెప్పమనుమా వాన్ని. మన రోడ్ల దుమ్ము ఎట్లుంటాదో నీకు తెలుసు. కార్బరేటరులో నలుసు పడితే నేను రోడ్డు పక్కన కూర్చోని, విప్పి, నోటితో ఊదితే పలుకుతాది. చెట్టు నీడ కూడా అక్కరల్యా. ఆ డీజిలు పంపులో నలుసు పడితే? మద్రాసుకు మోసుకోని పోవాల. ఇంగ లోపలికి గాలి పోతే? గాబ్రియేలు నిన్న నాకు ఇనపడేటట్లే చెప్పె. గాలి బుడగ చొరబడితే ఇంజను కట్టె అయిపోతాదంట. నోటితో ఊదితే లేసేదొకటి. ఊపిరి తగిలితే చచ్చేదొకటి. యాది మేలు?"

అన్న చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అదే ఓబులేసు బాధ.

రామసుబ్బమ్మ పెరట్లోని ఆ రెండు రాళ్ల వైపు చూసింది.

ఇంట్లో రెండు పొయ్యిలయితే చేను రెండవుతుంది. కొట్టం రెండవుతుంది. కారు మాత్రం రెండు కాదు. కోయిలకుంట్ల నుంచి కనుమ మీదుగా ఎర్రగుంట్ల రైలు దాకా పోయే ఆ పాత కారు ఆమె మొగుడు ఎవరో దొర దగ్గర కొన్నది. వెనక భాగం నరికించి, చెక్క బాడీ కట్టించి, బెంచీలు వేయించాడు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి పనుల మీద తిరిగే జనం ఎక్కువయ్యారు. ఆ కారు మీద, దాని రూటు మీద కన్నేసినవాడు కూడా ఉన్నాడు. అదే దోవలో కొత్త పెట్రోలు బస్సు తిప్పుతున్న తిమ్మయ్య. సుబ్బరత్నమ్మకు సొంత అన్న.

"తిమ్మయ్య సాయంత్రం మాట తీసుకోను వస్తాడు," అంది రామసుబ్బమ్మ నెమ్మదిగా. "అన్నదమ్ములు వేరు పడితే బండి నేను కొంటానని మొన్ననే చెప్పి పోయినాడు. అప్పటికి ఇంట్లో వేరు మాటే ల్యాదు. ముందే ఎట్ల తెలిసిందో ఆ మహానుభావునికి."

సుబ్బరత్నమ్మ చేతిలోని మట్టి దులుపుకుంది. దులుపుకున్న చేతులే మళ్లీ దులుపుకుంది.

ముసలామె గడప దాటింది. రోలు పక్కన ఒక నున్నటి రాయి ఉంది. కోడలు వెతుకుతున్నది దాన్నే. రామసుబ్బమ్మ వంగి, ఆ రాయిని ఎత్తి, బిడ్డను పెట్టుకున్నట్టు నడుమున పెట్టుకుని, వాకిట్లోకి నడిచింది. కారు తలుపు తీసి, కింద పలక మీద దబ్బున వేసింది.

"మీ నాయన కనుమ ఎక్కేటప్పుడు చక్రానికి అడ్డం పెట్టను ఒక రాయి ఏసుకోనేటోడు. ఈపొద్దు ఇది ఏసుకోండి."

"అమ్మా..." అన్నాడు ఈరప్ప.

"నా మాట కూడా ఇనండి. నిండా జనాన్ని ఎక్కించుకోని, ఒక్కరు కూడా దిగి నూకకుండా కనుమ ఎక్కితే డీజిలు ఇంజనే ఉంటాది. ఇంట్లో ఒక్క పొయ్యే ఉంటాది. ఎక్కకపోతే ఈ రాయిని నేనే మోసుకొచ్చి ఆడ పెడ్తా. బండి తిమ్మయ్యకు. నేనూ వస్తా. సుబ్బరత్నా, నువ్వూ రా. ఈరప్పా, నువ్వూ."

"నేనెందుకు?"

"రేపు మీ అమ్మ అబద్ధం చెప్పిందంటావు. కండ్లతో చూద్దువు రా."

డీజిలు వడగట్టేటప్పుడు సుబ్బరత్నమ్మే గుడ్డ పట్టుకుంది. చనిపోయిన మామ పంచె అది. ఉతికి ఉతికి మెత్తబడింది. చెనిక్కాయ నూనె గానుగ నుంచి వచ్చినప్పుడు తేర్చి వడగట్టేది కూడా ఆ గుడ్డలోనే. ఓబులేసు డబ్బా వంచి సన్నగా పోస్తున్నాడు.

"వదినా, నీకు ఇష్టం లేకపోతే పట్టుకోవద్దు."

"గమ్మున పోయ్. నేను ఎవరి పక్క వడగడ్తాన్నానో నాకే తెల్దు."

గుడ్డ మీద నల్లటి నలుసులు తేలాయి. ఇద్దరూ వాటినే చూస్తున్నారు.

"ఇంగో మడత ఏయ్," అన్న మాట కొట్టంలోంచి వచ్చింది. మాట వచ్చింది గాని మనిషి ఇటు చూడలేదు.

సుబ్బరత్నమ్మ ఇంకో మడత వేసింది.

బజారులో కారు నిండటానికి ఎంతోసేపు పట్టలేదు. కొత్త ఇంజను చూద్దామని వచ్చినవాళ్లు కూడా ఎక్కారు. చెనిక్కాయల మూటలు పైకి పోయాయి. కండక్టరు ఏసన్న తలుపు దగ్గర వేలాడుతూ నిలబడ్డాడు. జమ్మలమడుగు ఆసుపత్రిలో పురిటికి పోయిన కూతురిని చూడటానికి రాహేలమ్మ కోళ్లగంపతో ఎక్కింది.

"ఏం ఓబులేసూ, ఈ తూరి కూడా నూకాల్నా? ముందే చెప్పు నాయనా, కొంగు బిగించుకుంటా."

"ఈ తూరి నువ్వు నిద్రపోవచ్చు అత్తా."

ఇంజను లేచింది. కారంతా పిండిమర మాదిరి వణికింది. గంపలో కోళ్లు అరిచాయి. నల్లటి పొగ శెట్టి అంగడిలోకి పోయింది. శెట్టి అరిచాడు.

"ఇదేంది నాయనా, పండ్లు రాలేటట్లుండాది!" అంది రాహేలమ్మ.

"నీకు రాలను పండ్లు యాడుండాయమ్మా?" అన్నాడు ఏసన్న.

"ఉన్న రెండింటి కోసమే నా బాధ."

జనం నవ్వారు. వెనక బెంచీలో ఈరప్ప నవ్వలేదు. రాహేలమ్మ అతని ఒళ్లో తుండుగుడ్డ మూట చూసింది.

"అదేంది ఈరప్పా, చంటిబిడ్డను ఎత్తుకున్నట్లు ఎత్తుకున్యావు?"

ఈరప్ప కిటికీ వైపు తిరిగాడు. పక్కన కూర్చున్న సుబ్బరత్నమ్మే జవాబు చెప్పింది. "బిడ్డే, పెద్దమ్మా. ఇంగా పేరు పెట్టల్యా."

కనుమ కింద వంక దాటి ఓబులేసు కారు ఆపాడు. అక్కడ ఆపటం ఆ ఇంటి ఆచారం. వాళ్ల నాయన ఉన్నప్పటి నుంచి కనుమ కింద ఆగి రేడియేటరుకు నీళ్లు పోస్తారు. టాంకీలో మాత్రం ఏమీ పోయరు. మిగిలిన చమురు డబ్బాలోనే ఉంచి కనుమ తలన పోస్తారు. 'కడుపు నిండినోడు కొండ ఎక్కడు' అని ఆయన మాట. ఆ మాట కొడుకులిద్దరికీ దేవుడి మాట.

"డబ్బా పోయాల్నా అయ్యా?" అని అడిగాడు ఏసన్న.

"వద్దు. నాయన ఏం చెప్పినాడు? పైకి పోయినంక పోద్దాం."

వెనక బెంచీలో ఈరప్ప తల ఊపాడు. పొద్దుటి నుంచి తమ్ముడు చేసిన పనుల్లో అతనికి నచ్చింది ఆ ఒక్కటే.

కారు ఎక్కటం మొదలుపెట్టింది.

పెట్రోలు ఇంజనులాగా ఎగిరి ఎగిరి ఎక్కటం లేదు. ఒకే గొంతుతో, మడక దున్నే జోడెద్దుల మాదిరి, తొందర లేకుండా లాగుతోంది. పక్కన చీకిచెట్లు వెనక్కి పోతున్నాయి. మొదటి మలుపు. రెండో మలుపు. పోయిన ఎండకాలం జనం దిగి నూకిన చోటు వచ్చింది. అందరూ బెంచీలు గట్టిగా పట్టుకున్నారు. కారు ఆ చోటును దాటిపోయింది.

"ఓ దేవా!" అంది రాహేలమ్మ. "ఈన్నే గదా నా చెప్పు తెగింది!"

జనం ఈలలు వేశారు. రామసుబ్బమ్మ మొఖంలో ఏమీ కనపడలేదు గాని, ముందు బెంచీని పట్టుకున్న చెయ్యి కొంచెం వదులు చేసింది.

ఈరప్ప ఇంజను చప్పుడు వింటున్నాడు. డ్రైవరు చెవి అది, వద్దన్నా వింటుంది. మంచి చప్పుడే. అందుకే అతని మొఖం ఇంకా ముడుచుకుంది.

ఆఖరి మలుపు అన్నిటికంటే నిట్రంగా, గోడ మాదిరి నిలువుగా ఉంటుంది. కారు మూతి పైకి లేచింది. వెనకవాళ్లు ఒకరి మీద ఒకరు ఒరిగారు. ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది.

ఆగిపోయింది.

"రాయి!" అని అరిచాడు ఓబులేసు, బ్రేకు మీద నిలబడి. ఏసన్న కిందికి దూకి పొయ్యిరాయిని వెనక చక్రానికి అడ్డం తోశాడు. కారు జరిగి, రాయికి ఆనుకుని, నిలబడింది.

ఓబులేసు స్టార్టరు నొక్కాడు. తిరిగింది గాని పలకలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ మళ్లీ నొక్కాడు. ప్రతిసారీ తిరగటం నెమ్మదయింది. చివరికి 'టిక్కు' మని ఊరుకుంది. బ్యాటరీ కూడా అయిపోయింది.

జనం మెడలు చాచి ముందుకు చూశారు.

"దిగి నూకుదామా?" అని ఎవరో లేచారు.

"ఎవరూ దిగొద్దు," అంది రామసుబ్బమ్మ.

లేచినవాడు కూర్చున్నాడు.

ఓబులేసు బానెట్టు పక్కరేకు ఎత్తి పంపు దగ్గర పైపు వదులు చేశాడు. చమురు రాలేదు. గాలి బుస్సుమంది. కిటికీ దగ్గరకు వచ్చి తల్లికి చెప్పాడు.

"గాలి చొరబడిందిమా."

ఆ మాట వెనక బెంచీ దాకా పోయింది. అందరూ ఈరప్ప వైపు చూశారు. రామసుబ్బమ్మ చూడలేదు.

పొద్దున అతను చెప్పింది చెప్పినట్టే జరిగింది. ఇంక అతను చేయవలసింది ఏమీ లేదు. ఊరకే కూర్చుంటే చాలు. ఈరప్ప ఊరకే కూర్చున్నాడు. గెలిచినవాడి మొఖం ఎట్లా పెట్టుకోవాలో తెలియనివాడిలా మూట వైపు చూస్తూ కూర్చున్నాడు.

సుబ్బరత్నమ్మ అతని చెవికి మాత్రమే వినపడేటట్టు అంది: "మూడో రాయి చక్రం కిందనే ఉండాది. ఇంటికి పోయేటప్పుడు మీ అమ్మ మోస్తుందా, నన్ను మోయమంటావా?"

ఈరప్ప ఆమెను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

కార్బరేటరు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. కారు దిగాడు.

"టాంకీలో ఎంతుండాది?" అన్నాడు.

ఓబులేసుకు ముందు అర్థం కాలేదు, అన్న అడుగుతున్నది తననే అని. "అడుగున ఉండాది."

"బండి మూతి మీదికి లేస్తే అడుగునుండేది యాడికి పోతాది?"

"ఎనక్కి."

"పైపు యాడుండాది?"

ఓబులేసు టాంకీ వైపు చూశాడు. "ముందర."

"చమురు ఎనక, పైపు ముందర. గాలి గాక ఏం తాగుతాది?"

"కింద ఉన్నప్పుడే చెప్పచ్చు గదానా!"

"నాకు మాత్రం తోచిందా? పెట్రోలయితే డబ్బా పోసి ఒక తిప్పు తిప్పితే లేస్తాండె. నాయన మాట. ఇద్దరమూ ఇన్నాం." ఈరప్ప తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు. "ఏసన్నా, ఆ డబ్బా తే. నాయన రబ్బరు గొట్టం కూడా."

పెట్రోలు రోజుల్లో పంపు మొరాయిస్తే వాళ్ల నాయన చేసే పని ఒకటుండేది. డబ్బాను ఇంజను కంటే పైన కట్టి, గొట్టం వేసి, చమురును దాని బరువుతో దాన్నే దిగనిచ్చేవాడు. ఈరప్ప ఇప్పుడు డబ్బాను ముందు అద్దం చట్రానికి తలగుడ్డతో బిగించి కట్టాడు. గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ ఊదటానికి నోటి దాకా తెచ్చాడు.

ఆగాడు.

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. ఓబులేసు పెదవి కొరుక్కున్నాడు, నవ్వు రాకుండా.

"నవ్వితే పండ్లు రాలగొడ్తా," అన్నాడు ఈరప్ప. గొట్టాన్ని పంచె చెంగుతో తుడిచి పంపుకు తగిలించాడు.

తర్వాత పంపు మీద ఒక చిన్న స్క్రూను వెతక్కుండానే పట్టుకుని వదులు చేశాడు. తెల్లటి నురగ వచ్చింది. బుడగలు పగిలాయి. మళ్లీ నురగ. చమురు సన్నగా, తేటగా కారేదాకా కాచుకుని బిగించాడు. ఇంకో స్క్రూ దగ్గరకు పోయాడు.

"ఆ స్క్రూలు నీకెట్ల తెలుసునా?"

"నిన్న గాబ్రియేలు తిప్పుతాంటే నేను కొట్టంలో కండ్లు మూసుకోని కూర్చున్యానా?" ఇంజనులోకి చమురు చిమ్మే నాజిళ్ల దగ్గర నట్లు వదులు చేసి పెట్టాడు. "ఎక్కు. బ్యాటరీ ల్యాదు. రివర్సులో ఏసి ఎనక్కి ఇడుస్తాం. నేను చెప్పినప్పుడు క్లచ్చి వదులు."

ఓబులేసు వెనక్కి చూశాడు. జనం తలలు, మూటలు, వాటి వెనక ఆకాశం. రోడ్డు కనపడలేదు. రోడ్డు అంచు అసలే కనపడలేదు.

"ఎనక నాకు కనపడదునా."

"నాకు కనపడతాది."

ఓబులేసు ఎక్కి కూర్చున్నాడు.

కారులో గోల మొదలైంది. "లోయలోకి ఇడుస్తారా ఏమప్పా?" అని ఒకడు. "నీ పొయ్యి కోసం నా ప్రాణమేంది రామసుబ్బమ్మా!" అంది రాహేలమ్మ.

"భయమైతే దిగుమే. నేను తప్పు పట్టను."

రాహేలమ్మ కిందికి చూసింది. కోళ్లగంపను గట్టిగా వాటేసుకుంది. "దిగితే మళ్లా నూకమంటారు. కూర్చుంటా. ప్రభువు ఉండాడు."

ఆమె దిగకపోతే తాము దిగటమేమిటని మిగిలినవాళ్లూ కూర్చున్నారు.

ఈరప్ప కారు వెనకకు పోయి రోడ్డు మధ్య నిలబడ్డాడు. ఏసన్న రాయి లాగేశాడు.

కారు వెనక్కి కదిలింది.

"రా... రా... కొండ పక్క కొయ్యి! ఇంగా కొయ్యి!"

ఓబులేసు అద్దంలో కొండను చూడలేదు. లోయను చూడలేదు. అన్న గొంతు ఎటు తిప్పమంటే అటు చక్రం తిప్పాడు. చెక్క బాడీ కిర్రుమంది. ఎవరో ఏడ్చారు. వెనక చక్రం అంచు రాళ్లను నలిపిన చప్పుడు వచ్చింది.

"కొండ పక్క! ఆఁ... ఇడువు!"

క్లచ్చి వదిలాడు. కారు ఎదురుతన్ను తిన్నట్టు ఎగిరిపడింది. ఇంజను ఒక గుక్క మింగింది. నట్ల దగ్గర చమురు చిమ్మింది. ఇంకో గుక్క. అప్పుడు ఒక్కసారిగా నల్లటి పొగ కక్కి కొండ అదిరేటట్టు అరిచింది.

ఆ అరుపు మీద జనం అరుపు లేచింది.

ఓబులేసు బ్రేకు తొక్కి పట్టాడు. ఈరప్ప పరిగెత్తుకొచ్చి నట్లు బిగించాడు. చేతులు కాలుతున్నా వదల్లేదు. పక్కరేకు మూయకుండానే తలుపు పక్క మెట్టు మీదికి ఎగిరి, ఒక చేత్తో తలుపును, ఇంకో చేత్తో నాయన డబ్బాను పట్టుకున్నాడు.

"తోలు!"

కారు కదిలింది. ఆ నిట్రం మలుపును ఒకే గొంతుతో ఎక్కింది. మెట్టు మీద నిలబడిన ఈరప్ప పంచె గాలికి కొట్టుకుంటోంది. మొఖం నిండా మసి. డబ్బా ఒరగకుండా గుండెకు హత్తుకుని, లోపలున్న తమ్ముడికి గట్టిగా చెబుతున్నాడు, "మార్చొద్దు, గేరు మార్చొద్దు, దాని పాటికి దాన్ని పోనీ. ఎక్కుతాదిరా, ఎక్కుతాది!"

డీజిలును ఒప్పుకోనని పట్టుబట్టిన మనిషే ఆ మాట అంటున్నాడని అతనికి గుర్తున్నట్టు లేదు.

కనుమ తలన గాలి తగిలింది. కింద రెండు పక్కలా దేశం పరుచుకుని కనపడింది. వెనక కుందేరు ఏటి పక్క నల్లచేలు, ముందు ఎర్రగుంట్ల దారి తెల్లగా. ఓబులేసు కారు ఆపాడు గాని ఇంజను ఆపలేదు. జనం కిటికీలు చరిచారు. రాహేలమ్మ లేచి నిలబడి, "నూకల్యా! నేను ఈ తూరి నూకల్యా!" అని రోడ్డు మీద ఎవరూ లేకపోయినా చాటింది.

ఈరప్ప డబ్బాలోది టాంకీలో పోస్తూ అన్నాడు. "రేపట్నుంచి కనుమ కిందనే టాంకీ నింపాల. నాయనేమీ అనుకోడు."

"నాయనుంటే ఆయనే చెప్పును," అన్నాడు ఓబులేసు.

రామసుబ్బమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఏసన్నా, రాయేది?"

ఏసన్న నాలిక కరుచుకున్నాడు. "ఆడనే వదిలేస్తినమ్మా. పరిగెత్తి తెద్దునా?"

ఆమె పెద్ద కొడుకును చూసింది.

ఈరప్ప డబ్బా మూత బిగించాడు. బిగించిన మూతనే మళ్లీ బిగించాడు.

"ఉండనీలేమా," అన్నాడు. "కనుమలో ఎవరికన్నా పనికొస్తాది."

రామసుబ్బమ్మ తల లోపలికి తీసుకుంది. కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంది. దుమ్ముకు పెట్టుకుందని అనుకుంటే అనుకోవచ్చు.

"మరి ఈ బిడ్డ సంగతేంది?" అంది సుబ్బరత్నమ్మ, ఒళ్లో మూట చూపించి.

"భద్రంగా పట్టుకో. పాత ఇంజనుకు బిగించి బాయి మీద కూర్చోబెడ్తా. కిరసనాయిలు తాగి నీళ్లు తోడుతాది. మెరక చేనుకు ఈ ఏడు నీళ్లు పారాల." ఈరప్ప తమ్ముడి పక్కన, ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. "ఏమిరా, ఆ ముసల్ది నీళ్లన్నా తోడుతాదా, అది కూడా చేతకాదంటావా?"

"నీళ్లు తోడేటందుకు దాన్ని మించింది ల్యాదునా."

కారు దిగటం మొదలుపెట్టింది. సద్దిమూటలు విప్పుకున్నారు. రొట్టెలోకి ఊరిబిండి పచ్చడి ఒకరిది ఒకరు పుచ్చుకున్నారు. ఓబులేసు చేతిలో అన్న సగం రొట్టె విరిచి పెట్టి, మిగిలిన సగం తను కొరికాడు. నిన్నటి నుంచి ఈరప్ప తిన్న మొదటి ముద్ద అది.

కనుమకు అవతలి అడుగున, ఇంకో వంక ఒడ్డున, రోడ్డుకు అడ్డంగా ఒక బస్సు కనపడింది.

కొత్త బస్సు. రంగు ఇంకా మెరుస్తోంది. బానెట్టు పైకెత్తి ఉంది. ఎండకు పెట్రోలు పైపులోనే ఉడికి ఆవిరయిందో ఏమో, డ్రైవరు పంపు మీద తడిగుడ్డ కప్పి విసురుతున్నాడు. జనం ముళ్లచెట్ల కింద తలా ఒక చారెడు నీడ వెతుక్కున్నారు. రోడ్డు మధ్యలో తెల్ల చొక్కా మనిషి ఒకడు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తున్నాడు.

తిమ్మయ్య.

వచ్చే కారు ఎవరిదో గుర్తుపట్టినట్టుంది. చెయ్యి ఎత్తబోయి సగంలో ఆపాడు. ఎత్తనూ లేదు, దించనూ లేదు.

జనం కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు.

"ఏం చేద్దామునా?" అన్నాడు ఓబులేసు, కాలు బ్రేకుకూ యాక్సిలేటరుకూ మధ్య పెట్టి.

ఈరప్ప తిమ్మయ్యను చూశాడు. పక్కన ఖాళీగా ఉన్న రోడ్డును చూశాడు. పోదామనుకుంటే చోటు ఉంది. వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. ఆమె బయటికి చూస్తోంది.

"ఆపు," అన్న మాట వెనక బెంచీ నుంచి వచ్చింది.

సుబ్బరత్నమ్మ లేచి నిలబడి ఉంది. కార్బరేటరు మూటను రామసుబ్బమ్మ ఒళ్లో పెట్టింది. కొంగు నడుముకు బిగించింది.

"మా అన్నను ఎక్కించుకునేది తర్వాత," అంది. "మొన్న వచ్చినప్పుడు వేరు పొయ్యి పెట్టమని ఆ మూడు రాళ్ల మాట ముందుగా ఎవరి నోట్లో పుట్టిందో, ఇంతమంది ముందర ఆయప్పనే చెప్పనీ."